తిరిగొచ్చేటంత పెట్రోలు

మావ పోయాడన్న కబురు నాకు కూర్మన్నపాలెం జంక్షన్లో అందింది. పొద్దుటి షిఫ్టుకి వెళ్ళే కార్మికులకి కరపత్రాలు పంచుతున్నాను. నాతో పాటు పంచుతున్న ఒకతని సెల్‌ఫోన్ మోగింది. అతను విని దాన్ని నా చేతిలో పెట్టాడు. అవతల మా అత్త.

“బేగి ఒచ్చీరా. మీ మావ ఐసు ఫ్యాక్టరీ కాడ కూకున్నోడు కూకున్నట్టే ఒరిగిపోనాడు” అంది. గొంతులో ఏడుపు లేదు.

నేను ఫిషింగ్ హార్బరుకి చేరేసరికి ఆయన్ని వలల గుట్ట పక్కన చాప మీద పడుకోబెట్టారు. కొంచెం దూరంలో ఆయన బండి స్టాండు మీద నిలబడి ఉంది, ముందు చక్రం ఇంటి వైపు తిప్పి. ఎక్కడ ఆపినా ఆయన అలాగే ఆపేవాడు. దిగే ముందే బండిని తిరుగుదారికి తిప్పి పెట్టేవాడు.

ఇలాంటి మనిషి చావు పేపర్లో జిల్లా పేజీలో కూడా రాదు. రొయ్యల రేటు వస్తుంది గాని, వాటిని పట్టినవాడు రాడు. ఆ కోపంతోనే ఇది రాయడం మొదలుపెట్టాను. రాస్తుంటే కోపం నిలవడం లేదు.

ఆయన మా అమ్మకి అన్న. మరబోటుకి సరంగు, అంటే బోటు నడిపే పెద్ద. మోకాళ్ళు అరిగిపోయి, ఇక సముద్రం వద్దని డాక్టరు తేల్చి చెప్పాక బోటులో తన వాటా అమ్మేశాడు. వారం తిరక్కుండా ఇంటి ముందుకి ఒక కొత్త మోటార్‌సైకిల్ వచ్చింది. క్రూయిజర్ అంటారే, అది. పొడుగ్గా, బారుగా, సీటు నేలకి దగ్గరగా, హ్యాండిల్ పైకి లేచి, వెనక కూర్చునేవాళ్ళు ఆనుకోవడానికి చిన్న దిండుతో. పేటంతా చుట్టూ మూగింది.

నాకు ఒళ్ళు మండింది. వినిమయ సంస్కృతి గురించి ఆ నెలలోనే ఒక చిన్న పుస్తకం చదివి ఉన్నాను.

“ఏటి మావా ఇది? సినిమా హీరోలెక్కే బండి మనకెందుకు? కంపెనీవోడు షోకు అమ్మితే కొనీడమేనా?”

మావ గుడ్డతో ట్యాంకు తుడుస్తూనే ఉన్నాడు. “మామూలు బండయితే మీ అత్త ఎక్కగలదేటిరా? దాని తుంటి సంగతి నీకు తెల్దా? ఇది సూడు. కాలెత్తక్కర్నేదు, ఒంగక్కర్నేదు. అరుగు మీద కూకున్నట్టు కూకోవడమే.”

నేను వెనక దిండు మీద చెయ్యేసి నొక్కి చూశాను.

అత్త పుట్టిల్లు ఇచ్ఛాపురం అవతల, సముద్రం ఒడ్డున ఒక పల్లె. పెళ్ళయిన కొత్తలో మావ ఆమెని అక్కణ్ణుంచి బోటు మీదే తెచ్చుకున్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ అత్తారింటికి వెళ్ళలేదు. ఎప్పుడూ వేటే. వాళ్ళింట్లో పెళ్ళయినా చావయినా అత్త రైలెక్కి ఒంటరిగా పోయి వచ్చేది. “మొగుడేడే?” అని అక్కడివాళ్ళు అడిగేవారు. “నీళ్ళ మీదున్నాడు” అనేది. ఏళ్ళ తరబడి అదే ప్రశ్న, అదే జవాబు. ఇప్పుడు ఒడ్డున పడ్డాక మావకి ఒకటే కోరిక మిగిలింది. ఆమెని తెచ్చినవాడే తీసుకెళ్ళి, ఆ వీధిలో దించాలి.

అయితే దానికి ఆయన పెట్టుకున్న షరతు ఒకటుంది. ఇంటి దగ్గర ట్యాంకు నింపితే సగంలోపే అక్కడికి చేరాలి. మిగిలిన సగం తిరిగి రావడానికి.

“దారంతా పెట్రోలు బంకులే కదా మావా! శ్రీకాకుళంలో లేవా, పలాసలో లేవా?”

“సముద్రంలో ఉంటాయేటి?”

“మనం రోడ్డు మీద కదా ఎల్తన్నాం!”

“నువ్వు రోడ్డు మీద ఎల్తన్నావు. నాను కాదు.”

ఈ మొండితనం ఎక్కడిదో మా ఇంట్లో అందరికీ తెలుసు. కళాసీగా, అంటే వల లాగే కూలీగా బోటెక్కిన రోజుల్లో ఆయన, ఆయన తమ్ముడు ఒకే బోటులో ఉన్నారు. ఆ బోటు సరంగు చేపల గుంపు వెంట ఆశపడి దూరం పోయాడు. డీజిలు అయిపోయింది. గాలి ఎటు కొడితే అటు కొట్టుకుపోయారు. వేరే బోటు చూసి లాక్కొచ్చేసరికి తమ్ముడు ప్రాణాలతో లేడు. తర్వాత మావ తనే సరంగయ్యాడు. ఎంత వేట పడుతున్నా సరే, డీజిలు సగమవగానే బోటు తిప్పేసేవాడు. హార్బర్లో అందరూ ఆయన్ని “సగం సరంగు” అని ఏడిపించేవారు. ఆయన నవ్వేవాడు. “ఎల్లడానికేటి, ఎవుడైనా ఎల్తాడు” అనేవాడు.

బండి మీద ఇచ్ఛాపురం అంత దూరం సగం ట్యాంకుతో పోవాలంటే బండి మైలేజీ బాగా ఇవ్వాలి. మావ నడిపితే అది ఇవ్వలేదు.

తప్పు బండిది కాదు. బోటు ఇంజనుకి ఇన్ని గేర్లుండవు. ముందుకి, వెనక్కి, మధ్యలో ఖాళీ, అంతే. జన్మంతా అలా నడిపిన మనిషి ఐదు గేర్ల బండెక్కి, మూడో గేరులో పెట్టి వదిలేసేవాడు. బీచ్ రోడ్డు పొడవునా ఇంజను అరుస్తూనే ఉండేది. భీమిలి పోయి వచ్చి మళ్ళీ ట్యాంకు నింపిస్తే, పట్టిన పెట్రోలు చూసి మొహం మాడ్చుకునేవాడు. “ఇది బండి కాదల్లుడూ, తాగుబోతు.”

పెట్రోలు బంకులో ఇంధనం ఆదా చెయ్యమని ఒక కరపత్రం ఇస్తారు. కాగితం దొరికితే పకోడీ పొట్లమైనా విప్పి చదువుతానని నా మీద మా ఇంట్లో వేళాకోళం. వెనక సీట్లో కూర్చుని దాన్ని మావకి గట్టిగా చదివి వినిపించాను. ఒకటో గేరు బండి కదలడానికే. వేగం ఇరవై రాకముందే రెండు. ముప్పై దగ్గర మూడు. నలభై దాటాక నాలుగు. యాభై మీద ఐదు. కొత్త ఇంజనుని చిన్న గేరులో అరిపించకూడదు, వేగం లేకుండా పెద్ద గేరు వేసి దాని ఉసురు పోసుకోకూడదు.

ఇందులో ఆయన బుర్రకెక్కింది ఒక్కటే, పెద్ద గేరైతే తక్కువ తాగుతుందని. మర్నాడు వీధి మలుపు తిరక్కుండానే ఐదులో వేసేశాడు. రుషికొండ ఎత్తు దగ్గర బండి క్షయ రోగిలా దగ్గింది.

“ముప్పై మీద ఐదేటి మావా! ఇంజను సచ్చిపోద్ది!”

“పెద్ద గేరు తక్కువ తాగుద్దని నువ్వే సదివావు కదరా?”

“సదివింది మొత్తం ఇను!”

“మొత్తం ఇంటా కూకుంటే బండెవుడు నడుపుతాడు?”

“పోనీ మీటరు సూడు!”

“సరంగు కిందకి సూడడు.”

నిజంగానే ఎప్పుడూ చూడలేదు. పెట్రోలు ముల్లుని కూడా నమ్మేవాడు కాదు. బండి ఎక్కబోయే ముందు దాన్ని అటూ ఇటూ ఊపి, ట్యాంకుకి చెవి ఆనించి, లోపల పెట్రోలు కొట్టుకునే చప్పుడు వినేవాడు. “ముల్లు అబద్దం సెప్పొచ్చు, ఇది సెప్పదు” అనేవాడు. వెళ్ళే ముందూ అంతే, వచ్చాకా అంతే.

మా ఇద్దరి గొడవ రోజూ అరుగు మీంచి వింటున్న అత్త ఒక సాయంత్రం కొంగు దోపుకుని వచ్చింది. “తప్పుకోరా” అని నన్ను దింపి తను కూర్చుంది. ఆర్కే బీచ్ దాకా వెళ్ళొచ్చారు. వచ్చాక అత్త చెప్పిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

“సిన్న గేరులో ఈడిస్తే కాళ్ళ కింద జుమ్మంటంది. పెద్ద గేరు బేగి ఏసీసినావంటే నా తుంటిలో గునపం దిగినట్టుంది. ఆ రెండిటికీ మజ్జిన నొప్పి నేదు. అది నాకు తెలస్తంది. నాను సెప్తాను, నువ్వు అప్పుడెయ్యి.”

“ఇన్నేళ్ళూ సెప్తానే ఉన్నావు కదే” అన్నాడు మావ.

“ఇన్నేళ్ళూ నువ్వు ఇనడానికి ఒడ్డు మీదున్నావేటి?”

అప్పటి నుంచి ఆమె వేళ్ళు ఆయన కుడి భుజం మీద ఉండేవి. ఒక్కసారి తట్టి “ఎయ్యి” అంటే పై గేరు. ఎత్తు ఎక్కుతున్నప్పుడు రెండుసార్లు తట్టి “దించు” అంటే కింద గేరు. వాళ్ళు బీచ్ రోడ్డు మీద పోతుంటే ఇంజను ఇక అరవలేదు, దగ్గలేదు. కొన్నాళ్ళకి భీమిలి వెళ్ళొచ్చి, అత్తని ఇంట్లో దించి, నన్ను బంకుకి వెంటబెట్టుకెళ్ళి ట్యాంకు నింపిస్తూ, బంకు మనిషి పైపు ముందే ఆపేశాడని మావ గొడవ పెట్టుకున్నాడు. ట్యాంకు నిండిపోయింది కాబట్టే ఆపాడని ఆయన ఎంతకీ నమ్మలేదు. మూత తీసి చూశాడు. తర్వాత నా వైపు చూసిన చూపు, ఎన్ని సభల్లో ఎన్ని చప్పట్లు విన్నా, నేను మరొకరి మొహంలో చూడలేదు.

కరపత్రాలు పంచుతున్నందుకు నా మీద కేసు పెడతామని పోలీసులు ఇంటికొచ్చి బెదిరించిన రోజున అమ్మ ఏడుస్తుంటే, నేను జైలుకైనా పోతానని అరుస్తున్నాను. మావ మధ్యలో వచ్చి కూర్చున్నాడు. వద్దనలేదు. “ఎల్లు. తిరిగొచ్చేటంత ఉంచుకుని ఎల్లు” అన్నాడు. అప్పుడు ఆ మాట నాకు నచ్చలేదు. వెనక్కి చూసేవాడు విప్లవం చెయ్యలేడని వాదించాను. ఇప్పుడు వాదించడానికి ఆయన లేడు.

అత్త పుట్టింట గంగమ్మ పండక్కి ప్రయాణం పెట్టుకున్నారు. ముందురోజు సాయంత్రమే ట్యాంకు నిండా కొట్టించాడు. తెల్లారితే ప్రయాణం. అయినా చీకటితోనే హార్బరుకి పోయాడు. వేట మానేశాక కూడా ఆయనకి అది అలవాటు. ఏ బోటు వచ్చింది, ఏది ఇంకా రాలేదో చూసుకుంటే గాని టీ తాగడు. ఆ రోజు కనబడ్డవాళ్ళందరికీ చెప్పాడట, “అత్తోరింటికి ఎల్తన్నాను, బండి మీద” అని. “సగం దారికెళ్ళి తిరిగొచ్చీకు సగం సరంగూ!” అని ఎవరో అంటే పగలబడి నవ్వాడట. నవ్వుతూనే ఐసు ఫ్యాక్టరీ గోడకి చేరగిలబడ్డాడు. అప్పటికి రావలసిన బోట్లన్నీ వచ్చేశాయి.

పెద్దకర్మ అయ్యాక ఆనవాయితీ ప్రకారం పుట్టింటికి తీసుకెళ్ళడానికి అత్త తమ్ముడు కారు మాట్లాడుకుని వస్తానన్నాడు. అత్త వద్దంది. నన్ను పిలిచింది.

“బండి తియ్యి. మీ మావ కొట్టించిన పెట్రోలు అలాగే ఉంది.”

“నీ తుంటికి అంత దూరం…”

“మీ మావతో ఎల్లగలిగితే నీతో ఎల్లనేనా? తియ్యి.”

ఆనందపురం దాటాం. అత్త చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను కరపత్రంలో అంకెల ప్రకారం మీటరు చూస్తూ గేర్లు మారుస్తున్నాను. మార్చిన ప్రతిసారీ వెనక ఆమె ఊపిరి బిగపట్టడం వినబడుతోంది. శ్రీకాకుళం దగ్గర నాగావళి వంతెన దిగాక, నా కుడి భుజం మీద వేళ్ళు ఆనాయి.

“ఎయ్యి” అంది.

వేశాను. కాసేపు నాకు రోడ్డు సరిగా కనబడలేదు. ఆ తర్వాత నేను మీటరు చూడలేదు. టెక్కలి, పలాస, సోంపేట, ప్రతి ఎత్తు దగ్గరా రెండు దెబ్బలు, ప్రతి చదును దగ్గరా ఒకటి. దారిలో నాలుగైదు చోట్ల ఆగాం, ఆమె నడుం వాల్చడానికి. బంకు దగ్గర ఎక్కడా ఆగలేదు.

పల్లె చేరేసరికి వీధి నిండా జనం. ఆమె పుట్టింటి ఆడవాళ్ళు గొంతెత్తి ఏడుస్తూ ఎదురొస్తున్నారు. నేను బండిని విశాఖ వైపు తిప్పి ఆపాను. అత్త దిగింది. మీద పడబోతున్న వాళ్ళని చెయ్యెత్తి ఆపింది. ఏడుపు ఒక్కసారిగా నిలిచిపోయింది. ఆమె రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకుని బండిని అటూ ఇటూ ఊపింది. ఒంగలేని మనిషి మెల్లగా ఒంగి, వేడిగా ఉన్న ట్యాంకుకి చెవి ఆనించింది.

“సగం పైనే ఉందిరా” అంది, నాకు మాత్రమే వినబడేలా.

లోపల పెట్రోలు కదలడం ఆగిపోయేదాకా ఆమె తల ఎత్తలేదు.