ఎదుటింటి కౌన్సిలరు

టైలరు బావకు ఒకటే పిచ్చి. సొంతింట్లో కూర్చోడు. ఎంత బతిమాలినా గుమ్మం దగ్గరే నిలబడి, "నా నివాసం ఎదుటిల్లు" అంటాడు.

సంగతేమిటంటే, ఆ వీధి నడిమధ్యలోంచి వార్డు సరిహద్దు పోతుంది. బావ ఇల్లు ఇటుపక్క, గెలిచిన వార్డు అటుపక్క. ఏ వార్డు కౌన్సిలరు ఆ వార్డులోనే కాపురముండాలని అక్కడి చట్టం. అటుపక్క కుళాయిల్లో నీళ్లు రాక జనం అల్లాడుతుంటే, నోరు విప్పి అడిగే నాథుడు లేడని బావ ఎదుటింట్లో గది అద్దెకు తీసుకుని, పోటీకి దిగి, గెలిచాడు.

ఆ గది వెతికిపెట్టింది బావమరిది. ఊరి ఆ చివర గడియారాలు బాగుచేస్తుంటాడు. తాను బావకు ముఖ్య సలహాదారునని చెప్పుకునేవాడు. తన బుర్ర కూడా రిపేరుకొచ్చిన గడియారమేననీ, కుదిపితే కాసేపు నడిచి మళ్లీ ఆగిపోతుందనీ తనే ఒప్పుకునేవాడు.

"గది పేరుకు ఉంటే చాలు బావా, పడక ఇంట్లోనే వేసుకో" అన్నది అతని మొదటి సలహా.

"చట్టం కాపురముండమంది, తాళం వేసుకోమనలేదు" అన్నాడు బావ, పరుపు చుట్టి నెత్తికెత్తుకుంటూ.

ఆనాటి నుంచి బావ కాపురం బహిరంగమైపోయింది. సాక్ష్యం ఉండాలని అరుగు మీద కూర్చుని పళ్లు తోముకునేవాడు. నోటినిండా నురగతో దారినపోయేవాళ్లను ఆపి, "చూశారుగా? ఇక్కడే ఉంటున్నా" అనేవాడు. పగలు కునుకు తీస్తే తలుపులు బార్లా తెరిచి మరీ తీసేవాడు.

సొంతింటికి మాత్రం చుట్టంలా వచ్చి తలుపు తట్టేవాడు.

"ఎవరూ?" అనేది బావ భార్య, అంటే బావమరిది అక్క, లోపల్నుంచి.

"నేనే, కౌన్సిలర్ని."

"మా వార్డుకు వేరే ఆయన ఉన్నాడు. ఏదైనా ఉంటే ఆయనకు చెప్పుకుంటాం లెండి!"

"అది కాదే, నా బనీను..."

కిటికీలోంచి బనీను వచ్చి మొహాన పడేది.

గది అద్దెకిచ్చిన ఎదుటింటావిడ ఒకప్పుడు ఆస్పత్రిలో నర్సు, అందరికీ నర్సమ్మే. ఇప్పుడు ఒంటరి. చూపు మందగించింది, మోకాళ్లు మొరాయిస్తున్నాయి. గొంతు మాత్రం వార్డంతటికీ సరిపోతుంది. "ఒకరి దయమీద బతికేదాన్ని కాదు" అని సాయానికొచ్చినవాళ్లను గుమ్మంలోంచే పంపేసేది. అక్క తెచ్చిన భోజనం క్యారియర్‌నూ అలాగే తిప్పి పంపింది. గోడగడియారం ఊరికే బాగుచేస్తానని వెళ్లిన బావమరిది ఎన్ని తిట్లు తిన్నాడంటే, చెప్పులు అక్కడే వదిలేసి ఇంటికొచ్చాడు.

ఇంతలో, ఎన్నికల్లో ఓడిపోయిన ఫోటో స్టూడియో యజమాని, కౌన్సిలరు వార్డులో ఉండటంలేదని ఫిర్యాదు పెట్టాడు. అది నిజమని తేలితే పదవి ఊడుతుంది. విచారణకు అధికారి వచ్చాడు. సాక్షి బావమరిది. అద్దం ముందు నిలబడి సాక్ష్యం బట్టీపట్టి మరీ వచ్చాడు. తీరా అధికారి అడగ్గానే బుర్ర ఆగిపోయింది.

"మా బావ ఇల్లాండీ? ఇదిగో, ఇటుపక్కదే!" అని సొంతిల్లు చూపించేశాడు.

నర్సమ్మ గోడ పట్టుకుని అరుగు మీదికొచ్చింది.

"వాడి మాటలకేం గానీ, ఈయన ఉండేది ఇక్కడే. గురక వినాలంటే మధ్యాహ్నం రండి, ఊరికే వినిపిస్తాం. నా ఇల్లే లేకపోతే ఈయనకు పదవి ఎక్కడిది?"

అధికారి నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఫిర్యాదు వీగిపోయింది. ఊడింది ముఖ్య సలహాదారు పదవి ఒక్కటే.

మరుసటి ఏడాది వార్డుల హద్దులు మార్చారు. వీధి రెండువైపులా ఒకటే వార్డయింది. ఆ కబురు చెవినపడగానే, పోయిన పరువు తిరిగొచ్చే అవకాశం దొరికిందని బావమరిది పరుగున ఎదుటింటికి వచ్చాడు. బావ వంటింట్లో నర్సమ్మ మోకాళ్లకు కాపడం పెట్టడానికి నీళ్లు కాస్తున్నాడు.

"బావా! హద్దులు మారాయి! ఇక నీ ఇంట్లో నువ్వు..."

బావ ఒక్క గంతులో వచ్చి అతని నోరు మూశాడు.

"నెమ్మదిరా! ఆవిడ చెవులు బ్రహ్మాండంగా పనిచేస్తాయి."

"నీకు ముందే తెలుసా?"

"మార్చమని సమావేశంలో చెయ్యెత్తినవాణ్ణి నేనే కదరా."

"మరి ఇంటికి రావేం?"

"నేను సాయం చేస్తున్నానని తెలిస్తే ఈ పూటే బయటికి గెంటుతుంది. ఇప్పుడైతే తనే నా పదవి కాపాడుతున్నాననుకుంటోంది. అందుకే ఈ నీళ్లు కాయనిస్తోంది, మందులు వేయనిస్తోంది. మీ అక్క క్యారియర్ నా పేరు చెప్పి ఇద్దరికి సరిపడా పంపిస్తోంది."

ఈలోగా ముందుగదిలోంచి కర్ర చప్పుడు వినిపించింది.

"ఏమిట్రా, హద్దులంటూ అరుస్తున్నావు?"

"అబ్బే, ఏం లేదండీ... ఈసారి ఎన్నికల్లో నేనూ నిలబడదామని..."

నర్సమ్మ గుమ్మంలో ఆగి, అతన్ని ఎగాదిగా చూసింది. ఆ చూపులో జాలి ఉంది.

"నీలాంటివాడికి ఎవరో ఒకరు దన్నుగా ఉండకపోతే ఎలా? నిలబడాలంటే ఈ వార్డులో కాపురముండాలిగా, వీధివైపు గది ఖాళీగానే ఉంది. సామాను తెచ్చుకో. రేపట్నుంచి కూరగాయలు నువ్వే తేవాలి, మీ బావకు బేరమాడటం రాదు."

"అలాగేనండీ" అన్నాడు బావమరిది. పోటీ చేయకుండానే ఇంత ఘోరంగా ఓడిపోవచ్చని అతనికి ఆ పూటే తెలిసింది. పక్కన బావ పొయ్యి వైపు తిరిగి నిలబడ్డాడు. నవ్వు ఆపుకోలేక భుజాలు ఎగిరిపడుతున్నాయి.