పిన్ని పాట తిరిగిన దేశాలు

మా పిన్ని పోయిందన్న కబురు డుంబ్రిగుడ సంతలో ఉండగా తెలిసింది. అమ్మ ఫోన్ చేసి, పిన్ని ఇంక లేదని చెప్పింది. కొన్న అల్లం అక్కడే వదిలేసి బయల్దేరాను. ఆమె పేరు మీకు తెలియకపోవచ్చు గాని పాట వినే ఉంటారు. కొన్నేళ్ల కిందట పెళ్లిళ్లలో, ఆటోల్లో తెగ మోగింది: "కూడు సల్లారతంది మావా, మబ్బు దిగతంది, బేగి రా."

అది పాటగా పుట్టలేదు. మా చిన్నాన్న అవతలి కొండ మీద సోళ్లు, అదే రాగులు, పండించేవాడు. పొద్దు వాలేసరికి పిన్ని వాకిట్లో నిలబడి, ఆయనకు వినబడేలా సాగదీసి పిలిచేది. కాఫీ తోటలు చూడ్డానికొచ్చిన విశాఖ కుర్రాళ్లు ఆ పిలుపు విని, ఆమెను స్టూడియోకి తీసుకెళ్లి, గిటారూ డ్రమ్సూ కలిపి ఒక సింగిల్‌గా విడుదల చేశారు. చిన్నాన్న కూడా వెళ్లాడు. అద్దం అవతల ఆయన నవ్వుతూ నిలబడితే పిన్నికి గొంతు పెగల్లేదట. చివరికి ఆయన్ని మెట్ల మీదకు పంపాకే పాడింది.

"ఎదర కనబడతా ఉంటే ఎలా పిలిసేది?" అనేది తర్వాత, సిగ్గుపడుతూ.

మరుసటి వానాకాలం చిన్నాన్న జ్వరంతో పోయాడు. పిన్ని ఆ పాట మానేసింది. పెళ్లివాళ్లు వచ్చి బతిమాలితే కాఫీ ఇచ్చి పంపేసేది. తానెక్కిన ఆటోలో అది మోగితే, డ్రైవరుతో ఏమీ అనకుండా దిగిపోయి నడిచి వచ్చేది.

ఈలోగా పాట దేశాలు దాటింది. నేపాల్లో ఎవరో పిల్లనగ్రోవితో పాడారు. ఇండోనేషియా వాళ్లు డాన్సు పాట చేశారు. శ్రీలంకలో ఒకామె ఒక్కతే గిటారు మీటుతూ సింహళంలో పాడింది. భయపడుతూనే అవన్నీ పిన్నికి వినిపించాను. కాఫీ గింజలు ఆరబోసిన కళ్లం పక్కన కూర్చుని, కళ్లు మూసుకుని వింది. మళ్లీ పెట్టమంది. ఇవి మాత్రం ఎలా వినగలుగుతున్నావని అడిగాను.

"మాటలు తెలీవు గదే. రాగం ఒక్కటే ఇంటన్నాను. పిలిసినట్టుండదు."

నేపాలీ పాటలో మావ లేడనీ, ఏదో నదిని పెట్టారనీ తెలిసి నాకు కోపం వచ్చింది. పిన్నికి రాలేదు.

"పాట పెళ్లయిన గుంటలాటిది. అత్తోరింట్లో ఏ పేరెట్టి పిలిస్తే ఆ పేరుకే పలుకుద్ది," అంది.

శ్రీలంక ఆమె నేను పెట్టిన కామెంటు చూసి, ఒక ఆదివారం నేను కళ్లం దగ్గర పిన్ని పక్కనుండగా వీడియో కాల్ చేసింది. ఆమెది తేయాకు కొండల ఊరు. నా ఇంగ్లీషుతోనే ఇద్దరి మాటలూ నడిచాయి. అర్థం తెలియక సొంత మాటలు కట్టుకున్నాననీ, అసలు పాట ఏమంటుందో చెప్పమనీ అడిగింది. నేను తటపటాయించాను. ఏటంటందని పిన్ని అడిగితే చెప్పక తప్పలేదు.

పిన్ని గింజల్ని అరచేత్తో సర్దింది.

"మొగుణ్ని కూటికి పిలిసే పాటని సెప్పు. ఇప్పుడు రాడని కూడా సెప్పు."

నేనింకా మాటలు వెతుక్కుంటుండగానే పాట అందుకుంది. డ్రమ్సు లేవు. ఎంత దూరం వినబడాలో అంత సాగదీసి, మొదటి నుంచి చివరిదాకా తన మాటల్తోనే పాడింది. అవతలామె కళ్లు తుడుచుకుంది. ఫోన్ తిప్పి తన కిటికీ బయటి తోటలు చూపించింది.

ఆ తర్వాత పిన్ని ఎంతో కాలం లేదు. ఆమెను తలుచుకుంటే నాకు ఆ ఆదివారమే గుర్తొస్తుంది. నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, అవతలామెకి తెలుగు రాదన్న సంగతే మరిచి, మిరియాల తీగ, పనస చెట్టు, కోడి అంటూ ఒక్కోటీ చూపిస్తూ పేరు చెబుతూ వాకిలంతా తిరుగుతోంది. ఫోన్లోంచి అవతలామె గొంతు తడబడుతూ, గోడెక్కిన ఇంకోదాన్ని చూసి కూడా "కోడి, కోడి" అంటోంది.

"కోడి కాదమ్మా, అది పుంజు," అని పిన్ని ఓపిగ్గా దిద్దుతోంది.