రైతు నడిచినంత మేర

మా పెద్ద ప్లీడరుగారు పోయారని మొన్న సోమవారం పొద్దున్నే కబురొచ్చింది. రాజాంలో ఆయన దగ్గర నాలుగేళ్ళు జూనియరుగా ఉన్నాను. ఆయన పెట్టిన చీవాట్లతోనే ఇవాళ నాలుగు మెతుకులు తింటున్నాను.

వసారాలో కూర్చుని, దారిన పోయే ప్రతి రైతునూ "ఎటెల్తన్నావురా?" అని పలకరించడం ఆయన అలవాటు.

కిందటేడు మా ఊరి చిన్న బ్యాంకు గోగునార షావుకారు చేతికి పోతోందని తెలిసింది. విత్తులప్పుడు అప్పిచ్చినవాడికే నార అమ్మాలన్నది ఇక్కడి కట్టు. షావుకారు కాదంటే రైతుకు మిగిలిన గడప ఆ బ్యాంకొక్కటే. ఆ అమ్మకం ఆపమని సర్కారుకు అభ్యంతరం రాసిపెట్టమని రైతులు మా దగ్గరికొచ్చారు.

ఆయన పార్వతీపురం కోర్టుకెళ్ళిన రోజు, నా తెలివంతా చూపించి, శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా ఉన్న బ్యాంకులన్నిటి జాబితా రాసి అర్జీతో పంపేశాను. తిరిగొచ్చి నకలు చూసి కళ్ళజోడు తీశారు. ఎదుటివాడి మొహం కనబడకపోతే తిట్టడం తేలికట.

"బోర్డులు లెక్కెట్టమన్నానేట్రా? రేపు సావుకారు వడ్డీ పెంచితే ఆ రైతు ఎటెల్తాడో కనుక్కో. ఎల్లగలిగినంత మేరే ఆడి బజారు."

మర్నాడు నన్నొక గోగు రైతుకు తోడిచ్చి బస్సెక్కించారు. శ్రీకాకుళంలో బ్యాంకు గుమాస్తా కూర్చోమనైనా అనలేదు. పూచీ లేని పొరుగూరివాడికి అప్పు లేదన్నాడు. విజయనగరంలోనూ అంతే. సంగతి విని ఆయన పటం మీద రాజాం చుట్టూ పెన్సిలుతో చిన్న సున్నా గీశారు. అందులో రెండే గడపలు. ఆ రెండూ ఒకడివే కాబోతున్నాయి.

పటం పంపాం. కాని ముందు చేరింది నా జాబితా. ఈ ప్రాంతంలో బ్యాంకులకు కొదవ లేదని మీరే రాశారు కదా అని పైనుంచి జవాబొచ్చింది. ఆయన చదివి మడిచిపెట్టారు. కళ్ళజోడు మాత్రం తీయలేదు. నాకు అప్పుడు భయమేసింది.

దసరాకు ముందే బ్యాంకు షావుకారు చేతికి పోయింది, పాత బోర్డు దించేశారు. పెద్ద బ్యాంకుల్ని సర్కారు తీసేసుకుంటుందట అని నేను పేపరు చదివి వినిపిస్తే, "మన సున్నాలోకొచ్చినప్పుడు సెప్పు" అన్నారు. ఆ తర్వాత వసారాలో కూర్చున్నా, ఎటెళ్తున్నావని ఎవరినీ అడగలేదు.

మొన్న శవం లేచాక ఆ గోగు రైతు నా దగ్గరికొచ్చాడు.

"పెద్దబాబు పోనాడు. సావుకారోల్లు వడ్డీ పెంచీసినారు. ఇప్పుడు నానెటెల్లాల బాబూ?"

ఎదుటి వీధిలో నారబళ్ళు ఒకదాని వెనకొకటి షావుకారు గోదాం వైపే తిరుగుతున్నాయి.