ఈస్ట్‌కి ఓ చెంచాడు పంచదార

రాజమండ్రి ల్యాబ్‌లో నేను చేసే పని చెబితే మా బంధువులంతా నవ్వుతారు. బ్రెడ్డు పొంగడానికి వేసే ఈస్ట్‌ని ఫ్లాస్కులో పస్తు ఉంచి, అది ఎలా ముసలిదవుతుందో చూస్తాను. తిండి అయిపోతే ఆ కణాలు పెరగడం ఆపేసి, ఒక్కొక్కటే రాలిపోతాయి. రెండు రోజులకోసారి చుక్క తీసి ఎన్ని బతికున్నాయో లెక్కపెట్టాలి. మన కణాలదీ ఇంచుమించు అదే దారి. ఆగాల్సిన చోట ఆగనివి క్యాన్సరవుతాయి.

నాకు ఓపిక తక్కువ. అప్పటికే రెండుసార్లు ఫ్లాస్కులకి బూజు పట్టింది. మూడోసారీ పాడైతే పీహెచ్‌డీ ఇంకో ఏడాది వెనక్కి పోతుందని మా గైడ్ మేడమ్ మొహం మీదే చెప్పేశారు.

మూడోసారి మొదలుపెట్టాక మూడో వారంలో, తగ్గాల్సిన లెక్క పెరిగింది. తర్వాతి లెక్కలో ఇంకా పెరిగింది. ముసలితనం రాని ఈస్ట్ దొరికిందని నా కాళ్ళు నేల మీద నిలవలేదు. వెంటనే మేడమ్‌కి ఫోన్ చేసి చెప్పేశాను.

మర్నాడు పొద్దున్న చూస్తే ఫ్లాస్కుల చుట్టూ చీమలు, మూతి అంచున పంచదార పలుకులు. గాజుసామాను కడిగే అక్కని పిలిచాను. ఆవిడది మొగల్తూరు వైపు, చేపలు పట్టే కుటుంబం.

"ఏం చేశారక్కా?" అని గట్టిగానే అరిచాను.

"ఓ చెంచాడు పంచదార వేశానండి. అయ్యి ప్రాణమున్నయ్యేనని మీరే చెప్పారు కదండి. రోజూ పస్తుంటే చూళ్ళేకపోయాను."

మళ్ళీ తనే మెల్లగా చెప్పింది.

"నాకు క్యాన్సరొచ్చి మందులెక్కించినప్పుడు ముద్ద దిగేది కాదండి. మా అత్తగారు పక్కనే కూర్చుని చెంచాతో గంజి పోసింది. అలా బతికానండి నేను."

నా కోపం ఎటు పోయిందో తెలీదు. మేడమ్‌కి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ పడీపడీ నవ్వి, ఆఖరిసారి మళ్ళీ మొదలుపెట్టమన్నారు.

ఈసారి ఫ్లాస్కులకి కాపలా అక్కే. చీమని కూడా దరిచేరనివ్వలేదు. వాటి పక్కనుంచి వెళ్ళేటప్పుడు మాత్రం మొహం తిప్పుకునేది. లెక్క రావాల్సినట్టే వచ్చింది, మేడమ్ ఫలితాల మీద సంతకం పెట్టారు. నాకు గెంతాలనిపించింది.

ఆ సాయంత్రం ఆఖరి ఫ్లాస్కు అక్క ముందు పెట్టాను. అడుగున ఇంకా కొన్ని బతికే ఉన్నాయి.

"వీటితో నా పని అయిపోయిందక్కా" అని పంచదార డబ్బా, చెంచా ఆవిడ చేతికిచ్చాను.

అక్క రెండు చెంచాలు వేసింది.