మాత్రతోపాటు గ్రీన్ టీ

విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తూ ఒలుస్తూ నా భార్య ఖాసీంబీ చేటలోకే తల వాల్చేసింది. కునుకు తీస్తోందనుకుని ఎగతాళి చేశాను. లేపి చూస్తే పెదాలు సున్నంలా తెల్లగా ఉన్నాయి. "కండ్లు తిరుగుతాండాయి" అంది.

నేను కంబదూరులో టైలర్ని. కుట్టుమిషన్ కంటే నా నోరే ఎక్కువ ఆడుతుందని ఊళ్లో పేరు.

కళ్యాణదుర్గంలో రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఏడు. "ఎనీమియా, రక్తం తక్కువ. రెండు పూటలా ఐరన్ టాబ్లెట్" అన్నారు డాక్టరమ్మ. ఆ మాత్ర వేసుకుంటే నోరంతా తుప్పు వాసన, వాంతి వస్తుందని ఖాసీంబీ మొండికేసింది. మాత్ర వాసన తెలియకుండా మింగడానికని నేను అంగట్లో గ్రీన్ టీ కొని తెచ్చి, పెట్టెమీద యాంటీఆక్సిడెంట్లు అన్న మాట చూపించాను.

"కుందుర్పిలో ఒక తాత ఉండాడు. ఇది తాగి తాగి ఎనభై ఏండ్లకు కొత్త పండ్లు మొలిచినాయి. పెండ్లికి పిల్లను చూస్తాండారు."

"ఆ పిల్లకు పండ్లుండాయా?" అని నవ్వింది. నవ్వుతూనే గ్రీన్ టీతో మాత్ర మింగింది. ఆనాటి నుంచి రెండు పూటలా అంతే. నేనే కాచి ఇచ్చేవాణ్ని.

రెండు నెలలకు మళ్లీ పరీక్ష. ఆరున్నర.

"మాత్రలు వేసుకోలేదు కదమ్మా?" డాక్టరమ్మ గొంతు పెంచారు.

"అల్లా తోడు మేడం, ఒక్కటీ ఇడిసిపెట్టలేదు."

నేను నోరు మూసుకోవాల్సింది. "దిబ్బలో పారేసినావేమో, నిజం చెప్పు" అన్నాను, అంతమంది పేషెంట్ల ముందు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డాక్టరమ్మే గొంతు తగ్గించి, "దేంతో మింగుతావు?" అని అడిగారు.

"గ్రీన్ టీతో. అందులో యాంటీఆక్సిడెంట్లు ఉంటాయంట."

"యాంటీఆక్సిడెంట్లు ఒంటికి మంచివే కావచ్చు. కానీ టీలో ఉండే అవే ఐరన్‌ను పట్టేసుకుంటాయి, సరిగ్గా ఎక్కనీయవు. ఎవరు చెప్పారు నీకు?"

ఖాసీంబీ నా వైపు చూడకుండా మందుల చీటీ కోసం చెయ్యి చాపింది. నేను గోడమీది బొమ్మలు చూశాను.

నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందని అడిగి తెలుసుకుని, దానికి వేరే మందు రాసి, రక్తం ఎక్కించడానికి అనంతపురం పంపారు. అక్కడ రక్తం ఎక్కిస్తుండగా చలి, వణుకు పట్టుకున్నాయి. నర్సు పరుగున వచ్చి ఆపేసింది. మంచం పక్కన నిలబడి, "కుందుర్పిలో తాత లేడు ఖాసీంబీ" అన్నాను.

"లేడని నాకు తెల్దా? నవ్వొస్తాదని విన్నా. నేను పారేసినానని ఎట్లంటివి?"

మర్నాడు వేరే రక్తం యూనిట్ ఎక్కించారు, ఇబ్బంది లేకుండా. మాత్ర నీళ్లతో వేసుకుంటూ, కొన్ని నెలలకు హిమోగ్లోబిన్ పదకొండుకు వచ్చింది. సాయంత్రం ఇద్దరం గ్రీన్ టీ తాగుతాం, భోజనానికీ మాత్రకూ దూరంగా. మాత్ర వేళకు నీళ్ల చెంబు నేనే అందిస్తాను.

ఐరన్ మాత్ర నీళ్లతో మింగండి. టీ, కాఫీలను రెండు గంటలు ఎడంగా పెట్టండి. మాత్ర పని చేయకపోతే, మింగిన మనిషిని అనుమానించకముందే దేంతో మింగుతున్నారో అడగండి.