ఎన్నూరులో ఆడి వచ్చాకే ఓటు

తొంభైల మధ్యలో మా మేనమామ పురసవాక్కంలో ఒక బట్టల కొట్టు మేడమీద వీడియో గేముల కొట్టు నడిపేవాడు. నాలుగు టీవీలు, ఆటకో కాసు, తిరగని ఫ్యాను, సెలవొస్తే మెట్ల దాకా కుర్రాళ్ళు. కాలేజీ అయ్యాక నేనూ అక్కడే కూర్చునేదాన్ని. ఒక ఏడాది చివర మామకు సరదా పుట్టింది, ఆ ఏటి మేటి ఆటకు కప్పు ఇద్దామని. ఎక్కువ కాసులు రాల్చిన ఆటకే కప్పు అన్నాడు. "తొందరగా చచ్చిపోయే ఆటకే కదా మామా ఎక్కువ కాసులు పడేది?" అన్నాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, రోజూ వచ్చే ఐదుగురి చేత ఓటు వేయిద్దామన్నాడు. పోటీకి ఏ ఆట పేరైనా ఎవరైనా చెప్పొచ్చు.

పేర్లు చెప్పే రోజున వాసంతి లేచింది. పదో తరగతి పిల్ల. వాళ్ళమ్మ బట్టలు కొనడానికి వచ్చినప్పుడల్లా మేడెక్కి ఆడి వెళ్ళేది. "నేను చేసిన ఆట ఒకటుంది. ఎన్నూరులో, మా కంప్యూటర్ క్లాసులో" అంది. కుర్రాళ్ళు నవ్వారు.

"చూడకుండా ఎట్టమ్మా ఓటేసేది?" అన్నాడు మామ.

"ఆడికొచ్చి ఆడండి."

మామకు ఆ మాట నచ్చింది. ఆదివారం ఉదయం టిఫిను కాగానే ఇద్దరం బయల్దేరాం. సిటీ బస్సులో సెంట్రల్ స్టేషను, అక్కడి నుంచి గుమ్మిడిపూండి వైపు వెళ్ళే ఎలక్ట్రిక్ రైలు. ఇద్దరి టికెట్లూ కలిపినా హోటల్లో కాఫీ ఖర్చంతే. ముప్పావు గంట ప్రయాణం. తిరువొత్తియూరు దాటాక ఇళ్ళు పలచబడి ఫ్యాక్టరీ గొట్టాలు మొదలయ్యాయి. కుడివైపు కిటికీలోంచి ఉప్పు గాలి, దానితోపాటే పొగ వాసన. ఎన్నూరు స్టేషన్ బయట ఎక్కిన ఆటో డ్రైవరు మా మాటలు విని తమిళంలోంచి తెలుగులోకి మారాడు. "కళ్ళు మూసుకోండి సార్, బొగ్గు లారీ వస్తా ఉంది!" అని ముందే చెప్పేవాడు. మూసుకున్నా నా తెల్ల చున్నీ బూడిద రంగుకు తిరిగింది.

కంప్యూటర్ క్లాసంటే టైపు మిషన్ల మధ్య ఒక్క కంప్యూటర్ పెట్టిన గది. వాసంతితోపాటు వాళ్ళ నాన్న కూడా ఉన్నాడు. థర్మల్ పవర్ స్టేషన్లో ఉద్యోగం. మర్యాదగా కూర్చోబెట్టాడు కానీ, కూతురు వినేటట్టే అన్నాడు: "ఆటలు చేసుకోమని కాదండీ నేను ఫీజు కట్టేది. వచ్చే నెల నుంచి మానిపిస్తా ఉండాను." వాసంతి మిషను ఆన్ చేసింది.

నల్లటి తెర మీద ఆకుపచ్చ గీతలు. ఉప్పుటేరులోంచి ఒక పడవ సముద్రంలోకి చేరాలి. దారిలో ఇసుక మేటలు చోటు మారుతుంటాయి. మామ కాసేపటికే మేటలో ఇరుక్కున్నాడు. మీటలన్నీ దబదబా నొక్కాడు.

"చచ్చిపోయానా?"

"లేదు అంకుల్. ఊరకే ఉండాల. పోటు వస్తాది."

మామ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నీటి గీతలు మెల్లగా పైకి లేచాయి. పడవ కదిలింది. "అరె!" అని చిన్నపిల్లాడిలా నవ్వి, భోజనానికి పిలిచినా లేవలేదు.

తిరుగు రైల్లో నేనన్నాను, "కప్పు ఆ పిల్లకే ఇచ్చేద్దాం మామా. లేకుంటే క్లాసు మానిపిస్తారు."

"పాపమని ఇస్తే అది ధర్మం పాపా, బహుమతి కాదు. ఆ పిల్ల ధర్మం అడగలా. ఆడి చూడమనింది, అంతే."

అందుకే ఓటున్న ఐదుగురినీ మరుసటి ఆదివారం సొంత ఖర్చుతో ఎన్నూరు తీసుకెళ్ళాడు. పోటీలో ఉన్న ప్రతి ఆటా ఆడినవాడికే ఓటు అన్నాడు. చివరికి కొట్లోని మోటారు సైకిళ్ళ పందెం ఆటకు మూడు ఓట్లు, పడవకు రెండు. ఎవరు దేనికి వేశారో అందరి ముందే చెప్పించాడు. కొట్లో వెనక నిలబడిన వాసంతి నాన్న, "రెండోదా? కంపెనీలు చేసినవాటి మధ్యనా?" అని మామను రెండుసార్లు అడిగాడు. వచ్చే నెల క్లాసు సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు. వాసంతి క్లాసు ఆగలేదు. ఆ రోజు ఆ పిల్ల మాత్రం తనకు ఓటేసినవాళ్ళ దగ్గరికి పోలేదు. వెయ్యని ముగ్గురినీ కూర్చోబెట్టి, "మీకు యాడ విసుగొచ్చింది?" అని అడిగింది.

ఇప్పుడు పెద్ద వేదికల మీద గేముల అవార్డులు చూస్తుంటాను. పోటీలో ఉన్నవన్నీ అప్పటికే ఊరందరికీ తెలిసిన పేర్లు. ఎంపిక చేసినవాళ్ళు అన్నీ ఆడారా, పేరు తెలియని ఆట కోసం ఎవరైనా రైలెక్కారా అని ఎవరూ అడగరు. కొట్టు ఎప్పుడో మూసేశాం, మామా లేడు. కానీ చేతులు ఒళ్ళో పెట్టుకుని పోటు కోసం చూస్తున్న ఆయన ముఖం నాకు ఇంకా కనిపిస్తుంది. ఎన్నూరు వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట: ఆదివారం రైళ్ళు తక్కువ. దిగగానే తిరుగు రైలు వేళ చూసుకుని, దాని తర్వాతి రైలుకే రావాలని అనుకోండి; పోటు వచ్చేదాకా ఆగాలి కదా.