వణకని చెయ్యి

ఇది నిజంగ జరిగింది సురేశన్నా. ఒట్టు వెట్టమంటే వెడ్త. కానీ ఒట్టు గూడ అక్కర లేదు. జర నువ్వే ఆలోచించు… అబద్ధం చెప్పాలనుకున్న మనిషి తను మంచిగ కనవడేటట్టు చెప్పుకుంటడు. ఇందుల నేను మంచిగ కనవడను. అందుకే ఇన్ని రోజులు నోరు తెర్వలే.

నువ్వు అడుగుతనే ఉన్నవ్. ఆ చిన్న కెమెరా ఎట్లున్నది, వీడియో ఎట్ల వస్తున్నది, పెండ్లిళ్లకు పనికొస్తదా, కొందమా వద్దా అని. నేనేమో డబ్బ తెచ్చి నీ స్టూడియో కౌంటర్ మీద వెట్టి, "వద్దన్నా" అని ఒక్క మాట జెప్పి పోయిన. నీకు కోపమొచ్చింది. రావాలె గూడ. నమ్మి నా చేతికిస్తివి, ఎందుకు వద్దో జెప్పకపోతే ఎవనికైనా మండుతది. ఇయాల చెప్త. ఆ షటర్ జర కిందికి గుంజు… ఆఁ, చాలు.

నా చేతుల సంగతి నీకెరుకనే. చిన్నప్పటి సంది వణుకు. చాయ్ వట్టుకుంటే సగం సాసర్లనే ఉంటది. పత్తర్‌గట్టిల మా చిన్నాయన బట్టల దుకాన్ల నేను గుడ్డ కొలుస్తుంటే, గిరాకులు గుడ్డ దిక్కు జూడరు, నా చేతుల దిక్కు జూస్తరు. తాగొచ్చిండేమో అనుకుంటరు. ఆ వణుకును పనికి వెట్టినోనివి నువ్వొక్కనివే. "నీ చేతులల్ల వీడియో ఊగకుంట వచ్చిందంటే ఇగ ఎవని చేతులల్లనైనా వస్తది" అంటవ్. కొత్త కెమెరా ఏదొచ్చినా ముందు నాకే ఇస్తవ్. నీకు జెప్పలే గానీ నాకు గది మస్తు ఖుషి. నా వణుకు ఒకరి అక్కరకొచ్చిందని.

సరే… ఆ రాత్రి.

దుకాన్ బంద్ జేసినం. చిన్నాయన స్కూటర్ మీద వెళ్లిపోయిండు. వాన వడి అప్పుడే వెలిసింది. నేను దుకాన్ల ఎనుక గోదాముల గల్లి ఉంటది సూడు, గందుల జొచ్చిన. నువ్వు నేర్పిన పద్ధతే. ఒకటే గల్లి, ఒకటే నడక, రెండుసార్లు. పోయేటప్పుడు ఊపు ఆపే స్టెబిలైజేషన్ ఆన్. వచ్చేటప్పుడు ఆఫ్. తర్వాత రెండు వీడియోలు పక్క పక్కకు వెట్టి జూస్తే, కెమెరా నా ఊపును ఎంత మింగిందో తెలుస్తది.

గల్లిల ఎవ్వరు లేరు. అన్ని షటర్లు దించి ఉన్నయ్. ఒకటే లైటు, అది గూడ ఆ మూలకు. పెద్ద రోడ్డు మీద ఆటోల చప్పుడు సన్నగ వినవడ్తున్నది. పైపుల కెళ్లి నీళ్లు కారుతున్నయ్… టప్… టప్…

మొదటి నడక మంచిగనే వచ్చింది. అబద్ధమెందుకు. చీకటి కాడ బొమ్మ మీద ఉప్మా రవ్వ చల్లినట్టు గింజలు గింజలు వచ్చింది, గది ఏ చిన్న కెమెరాకైనా ఉంటది. ఊపు చాలా మట్టుకు పోయింది గానీ, అడుగు వడ్డప్పుడల్ల చిన్న ఎగురు మాత్రం పోలే. బరాత్ వెంట నడుసుకుంట తీస్తే పర్వాలేదు, ఉర్కుకుంట తీస్తే పనికిరాదు… గిట్ల మనసుల రాసుకుంటున్న. అన్నకు ఏం జెప్పాలె, ఎట్ల జెప్పాలె అని.

గల్లి ఆఖరికి పోయి ఆఫ్ జేసిన. ఇది గుర్తు వెట్టుకో. తెర మూలకు చిన్న చెయ్యి బొమ్మ ఉంటది. ఆఫ్ జేస్తే ఆ బొమ్మ పోతది. పోయింది. నా కండ్లతోని జూసిన. రికార్డింగ్ నొక్కి ఎనుకకు మర్లిన.

కండ్లు తెర మీదనే ఉన్నయ్. నా వణుకంత తెర మీద కనవడ్తున్నది. షటర్లు ఊగుతున్నయ్, గోడలు ఊగుతున్నయ్. ఊగాల్సిందే గదా, ఆఫ్ ల ఉన్నది. సగం గల్లి దాటిన.

"బిడ్డా…"

ఆగిన.

కింది కెళ్లి వచ్చింది. నిలవడ్డ మనిషి గొంతు గాదు. నేల మీది కెళ్లి… మోకాలి ఎత్తు కెళ్లి వచ్చినట్టు.

తల ఎత్తి జూసిన. ఒక గోదాము గడప. చీకటి. ఎవ్వరు లేరు. పైపు నీళ్లు… టప్… టప్…

"బిడ్డా… జర…"

కెమెరా అటు దిక్కు మళ్లింది. నేను మళ్లించిన్నో, చెయ్యి వణికి మళ్లిందో… తెల్వదు. తెర మీద జూసిన అన్నా. చెయ్యి. ఒక్క చెయ్యి. మణికట్టు దాక. అరచెయ్యి పైకి వెట్టి ఉన్నది. మట్టి గాజులున్నయ్. దాని ఎనుక మనిషి లేదు. నల్లగ… అంతే.

మళ్ల తల ఎత్తి కండ్లతోని జూసిన. ఏం లేదు. ఒట్టి గడప.

తెర మీద జూసిన. చెయ్యి ఉన్నది.

వేళ్లు కదిలినయ్. రమ్మన్నట్టు.

ఉర్కిన.

నవ్వకు అన్నా. ఇంట్ల ఆడపిల్లకు తండ్రిని నేను. బల్లిని జూసి అది అరిస్తే, "భయమెందుకు, నాయనున్నడు గదా" అంటుంట. ఆ నాయన చెప్పు ఊడిపోయినా ఎనుకకు జూడకుంట ఉర్కిండు. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి బురద. చార్మినార్ కాడ గాజుల దుకాన్ల ముంగట నలుగురు మనుషులు కనవడేదాక ఆగలే. అక్కడ జూసుకున్న, కెమెరా ఇంక నా పిడికిట్లనే ఉన్నది. ఎర్ర చుక్క మెరుస్తనే ఉన్నది. బంద్ జేసి, బండి తీసుకొని ఉప్పుగూడల ఇంటికి వచ్చి పడ్డ.

ఇంకో చెప్పు ఏది అని నా పెండ్లాం లత అడిగితే, "తెగింది, పారేసిన" అన్న. అన్నం తినకుంట పండుకున్న.

ఇగో, సిగ్గుపడేది ఉర్కినందుకు గాదు. జర ఆగు, చెప్త. కెమెరాలు పరీక్ష జేసెటోన్ని నేను. చీకట్ల మన కంటికి కనవడనిది కెమెరాకు కనవడ్తదని నాకు ఎరుక. నీకు నేనే గదా చెప్తుంట, "కన్ను జూడలేనిది గూడ ఇది జూస్తది అన్నా" అని. అంటే ఆ చెయ్యి ఎనుక మనిషి ఉండొచ్చు. వెలుతురు చెయ్యి దాకనే వడ్డది కావచ్చు. చార్మినార్ కాడ నిలవడి దమ్ము తీసుకునేటప్పుడే ఈ సంగతి నాకు సమజైంది. మర్ల పోవచ్చు. పోలే. బండి ఎక్కిన.

పొద్దుగాల లత లేపింది. నేను తీసిన వీడియోలు కంప్యూటర్ల ఎక్కించేది ఎప్పుడు ఆమెనే. ఆమె కండ్లు తడిగ ఉన్నయ్.

"ఇంత మంచి పని జేసి ఒక్క మాటన్న జెప్పవేంది?" అన్నది.

నాకు అర్థం కాలే. పోయి కంప్యూటర్ ముంగట కూసున్న.

రెండో వీడియో. ఆఫ్ ల తీసింది. మొదలు నా వణుకే… షటర్లు ఊగుతున్నయ్, గోడలు ఊగుతున్నయ్. తర్వాత ఆ గొంతు. "బిడ్డా… జర…" చెయ్యి కనవడ్డది.

ఇగ ఇక్కడి నుంచి బొమ్మ ఎగరాలె గదా. నేల, ఆకాశం, నా కాళ్లు… ఉర్కేటోని చేతుల కెమెరాల ఏం వడ్తది? గదే వడాలె.

బొమ్మ ఆగింది.

ఆగింది అంటే… ఎట్ల జెప్పాలె. స్టాండు మీద వెట్టినా గట్ల ఆగదు. నువ్వు నాకు ఎన్ని కెమెరాలిచ్చినవ్, ఇంతదాక గట్ల ఆగిన బొమ్మ నేను జూడలే. చిన్న ఎగురు గూడ లేదు. ఊపిరి చప్పుడు గూడ లేదు. అది మెల్లగ ముంగటికి వోయింది. కింద చెప్పుల చప్పుడు… టప్పు, టప్పు… రెండు చెప్పులు అన్నా. నేను ఇంటికి వచ్చింది ఒక్క చెప్పుతోని.

గడప కాడికి వోయి వంగింది. చీకట్లకెళ్లి ఒక ముసలామె మొఖం మెల్లగ పైకి తేలింది. నొప్పితోని పండ్లు బిగవట్టి ఉన్నది. అప్పుడు పక్క కెళ్లి ఇంకో చెయ్యి వచ్చింది. నీళ్ల బాటిల్ వట్టుకొని. రోజు నా బ్యాగుల ఉండే నీలం బాటిల్. దాని మీద నా బిడ్డ అంటించిన పువ్వు స్టిక్కర్. ఆ చేతి వేలికి నా ఉంగరం. బొటన వేలు మీద ఇస్త్రీ పెట్టె కాలిన మచ్చ… ఇగో, ఇదే.

నా చెయ్యే. కానీ వణుకుత లేదు.

"మెల్లగ తాగమ్మా" అన్నది ఒక గొంతు. నా గొంతే. నేను అనలే.

గుటక గుటక నీళ్లు తాగిన చప్పుడు. తర్వాత బంద్.

లేసి వోయి బ్యాగు జూసిన. బాటిల్ లేదు.

నేను నోరు తెరిచేలోపల లత మా అమ్మకు జెప్పేసింది. అమ్మ నా నెత్తి మీద చెయ్యి వెట్టి, "నీ చేతులు వణికితే ఏంది బిడ్డా, మనసు మంచిగున్నది" అన్నది. ఆ మాట నా పానం దీసింది. నేను ఉర్కిన అమ్మా అని అప్పుడే చెప్పాలె. మింగిన.

ఆ పొద్దే దుకాన్ తెర్వకముందు గల్లికి వోయిన. గడప మీద ఆమె కూసున్నది. కాలికి పసుపు వెట్టి గుడ్డ కట్టుకున్నది. మల్లమ్మ అంట, ఆ గోదాము ఊడ్చి, రాత్రి అక్కడనే పండుకుంటది. వానల గడప ముంగటి మోరి మీది బండ జరిగి, సందుల కాలు ఇరికిందంట. గడప మీద కూలవడి పిలుస్తున్నదంట. ఆమె పక్కన నా బాటిల్ ఉన్నది. కడిగి బోర్లించి ఉన్నది. దాని పక్కన నా చెప్పు.

"చెప్పు నీదేనా బిడ్డా?"

"నాదే అమ్మా."

నా మొఖం దిక్కు జూసింది. "నువ్వు ఉర్కినోనివి గదా."

తల వంచుకున్న. "అవునమ్మా. భయమైంది."

"అయితది. చీకటి గదా" అన్నది. తిట్టలే. తిడితే బాగుండు.

"మరి… నీళ్లు ఎవరిచ్చిన్రమ్మా?"

"నీ ఎనుకనే ఒకాయన వచ్చిండు గదా. నువ్వు ఉర్కితివి, ఆయన నడుసుకుంట వచ్చిండు. నీళ్లు తాపిచ్చిండు. బండ జరిపి కాలు దీసిండు. నీ దోస్తు కాదా?"

గడప మీదనే కూసున్న. "ఎట్లుండె అమ్మా? మొఖం జూసినవా?"

"చీకట్ల మొఖం ఏం కనవడ్తది. నీ అసొంటోడే. చేతుల చిన్న డబ్బ మెరుస్తుండె." కాలి గుడ్డ సదురుకున్నది. "చెయ్యి వట్టుకున్న. చెయ్యి మంచిగ గట్టిగుండె."

నా చేతులు జేబులల్ల వెట్టుకున్న అన్నా. ఆమెకు కనవడొద్దని.

మర్లేటప్పుడు బాటిల్ నా చేతికిచ్చింది. "నీది గాదేమో, ఆయనదేమో. కలిస్తే ఇయ్యి" అన్నది.

ఇగ నువ్వే చెప్పు. నేనే ఆగిన్నేమో, భయం మీద ఉర్కినట్టు అనిపిచ్చిందేమో అనుకుందమంటే… చెప్పు ఆడ ఎట్ల వడ్డది? నేను ఉర్కంగ ఆమె ఎట్ల జూసింది? ఉర్కింది నేనే అయితే, కెమెరా నా పిడికిట్లనే ఉండె గదా, మరి ఆ బొమ్మ ఎవడు దీసిండు? ముసలామె దయ్యమైతే ఎంత బాగుండు. నలుగురికి జెప్పుకుంట తిరుగుదు. కానీ ఆమె మంచిగనే ఉన్నది. మొన్న గూడ పలకరిచ్చింది. నీ దోస్తు ఎట్లున్నడు అని అడిగింది.

ఆ వీడియో ఉన్న కార్డు ఇగో. చూస్తే నువ్వు చూడు, నేను బయట నిలవడ్త. కెమెరా మీద నాకేం శికాయత్ లేదు, కొంటే కొనుక్కో. దాన్ని చేతుల వట్టుకుంటే నేను ఎట్లుండాల్నో అది కనవడ్తది. గట్ల నేను లేను. సిగ్గయితది. అందుకే వద్దన్న.

లతకు ఇంక చెప్పలే. ఆ రోజు సంది నా బ్యాగుల రోజు రెండు బాటిళ్లు వెడ్తున్నది. "ఒకటి నీకు, ఒకటి తోవల ఎవరికన్న అక్కర వడ్తే" అంటది. నవ్వుకుంట అంటది. నేను తీసుకుంట. ఒక దాంట్ల నీళ్లు తాగుత. రెండోది అట్లనే ఇంటికి తెచ్చి, ఆమె జూడకముందు మొక్కల పోస్త.